వస్తానన్న రోజున వెళ్లమ్మా

అమ్మలూ,

పది పరీక్షలు అయిపోయాయి, ఇంటర్ తరగతులు జూన్‌లో గానీ మొదలుకావు, ఈలోగా ఏదైనా ఇంటర్న్‌షిప్ చేస్తాను, ఎక్కడ దొరుకుతుందో చెప్పమ్మమ్మా అని అడిగావు. నీ స్నేహితురాలు ఒకమ్మాయి అప్పుడే రెండు సర్టిఫికెట్లు తెచ్చుకుందని, ఇంకొకమ్మాయి ఏదో కంపెనీకి క్యాంపస్ అంబాసిడర్ అయిందని చెబుతున్నప్పుడు నీ గొంతులో కంగారు వినిపించింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు గనక కూర్చుని రాస్తున్నాను. ఉద్యోగమంతా నీ ఈడు పిల్లల మధ్యే గడిపినదాన్ని. ఎవరికి ఏ పని అచ్చి వచ్చిందో, ఏది మొక్కుబడిగా మిగిలిపోయిందో దగ్గర్నుంచి చూశాను.

ఏ పనైనా ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకో. చెప్పిన రోజున నేను వెళ్లకపోతే అక్కడ ఎవరి పని ఆగిపోతుంది? ఎవరిదీ ఆగదని తేలితే ఆ చోటు నీకు అక్కర్లేదు, దాని పేరు ఎంత పెద్దదైనా సరే. ఒక్కరిదైనా ఆగిపోతుందంటే, అది మీ వీధి చివర ఉన్నదైనా సరే, అక్కడ కుదురుకో. వారానికి రెండు గంటలు చాలు. ఆ రెండు గంటలూ వారం వారం నిలబడాలి, అంతే.

అలాంటి పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పరీక్షల్లో స్క్రైబ్‌గా కూర్చోవడం. చూపులేని విద్యార్థులు, చేత్తో రాయలేని విద్యార్థులు జవాబులు చెబుతుంటే వాళ్ల తరఫున రాసిపెట్టడం. ఇందులో మాలాంటి పెద్దవాళ్లం పనికిరాం. స్క్రైబ్ చదువు, పరీక్ష రాసేవాళ్ల చదువు కంటే తక్కువ ఉండాలని నిబంధన. ఎమ్మే చదివిన నేను ఇంటర్ కుర్రాడికి రాసిపెడతానంటే ఒప్పుకోరు. పదో తరగతి వాళ్లకు తొమ్మిది చదివే పిల్లలు కావాలి, డిగ్రీ వాళ్లకు ఇంటర్ పిల్లలు కావాలి. అంటే ఇంత పెద్ద హైదరాబాదులో ఈ పనికి తగినవాళ్లు మీ ఈడు పిల్లలే. ఆ పిల్లలేమో ట్యూషన్లలో, కోచింగుల్లో ఉంటారు. పరీక్షలు దగ్గరపడుతున్నా స్క్రైబ్ దొరక్క, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసుకుంటూ చదువు మీద ధ్యాస పెట్టలేని పిల్లలున్నారు తల్లీ. వాళ్ల సిలబస్ పూర్తయింది, జవాబులు నోటికి వచ్చు, రాసే చెయ్యి ఒక్కటే లేదు.

నీకు పది అయిపోయింది కాబట్టి ఇకమీదట పదో తరగతి వాళ్లకు నువ్వు రాయలేవు, ఇంటర్, డిగ్రీ వాళ్లకు రాయవచ్చు. ఏ పరీక్షకైనా ఆ బోర్డు నిబంధన ఏమిటో ముందు కనుక్కోవాలి. ఈ వేసవిలో కూడా పరీక్షలున్నాయి. ఇంటర్ సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ స్కూల్ పరీక్షలున్నాయి, డిగ్రీ సెమిస్టర్లున్నాయి.

పని తేలికని మాత్రం అనుకోకు. ప్రశ్నను ఉన్నదున్నట్టు, మార్కులతో సహా చదవాలి. వాళ్లు ఎన్నిసార్లు మళ్లీ చదవమన్నా విసుగు లేకుండా చదవాలి. జతపరచమన్న ప్రశ్న వస్తే ఎడమ వరుస అంతా ఒకసారి, కుడి వరుస అంతా ఒకసారి చదివి, ఆ తర్వాత ఒక్కొక్కటీ అడగాలి. వాళ్లు వాటన్నిటినీ మనసులో పెట్టుకుని జతలు వెతుక్కుంటారు, తొందరపెట్టకూడదు. లెక్కలైతే మరీ జాగ్రత్త. ఎక్స్ ప్లస్ వన్ హోల్ స్క్వేర్ అన్నారా, ఎక్స్ ప్లస్ వన్ స్క్వేర్ అన్నారా? ‘హోల్’ అన్న ఒక్క మాట చెవిన పడకపోతే లెక్కే మారిపోతుంది. ఏ ప్లస్ బి బై సి అంటే గీత పైన ఉన్నది బి ఒక్కటేనా, రెండూనా? అడిగి రాయాలి. అందుకే పరీక్షకు ముందే ఇద్దరూ కలిసి కూర్చుని పాత ప్రశ్నపత్రం ఒకటి రాసి చూసుకోవాలి. వాళ్ల మాట వేగం నీకు తెలియాలి, నీ రాత వేగం వాళ్లకు తెలియాలి. వాళ్లకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు. మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. ఆ నాలుగు గంటలూ నీ చెయ్యి ఓర్చుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది. నువ్వు తెలివైనదానివి. వాళ్లు తప్పు జవాబు చెబుతుంటే నీకు తెలిసిపోతుంది, నీ పెన్ను ఆగుతుంది. ఆగకూడదమ్మా. చూపులేనివాళ్లకు నీ ముఖం కనిపించదు గానీ అప్పటిదాకా గరగరా నడిచిన పెన్ను ఆగితే వినిపిస్తుంది, నువ్వు గట్టిగా ఊపిరి పీలిస్తే వినిపిస్తుంది. వెంటనే జవాబు మార్చుకుంటారు. అది సాయం కిందికి రాదు, కాపీ కిందికి వస్తుంది. తెలిసి కూడా నోరు కట్టుకుని, ఎదుటివాళ్ల జవాబును వాళ్ల జవాబుగానే రాయడం ఎంత పెద్ద విద్యో ఆ గదిలో కూర్చుంటే గానీ తెలియదు. ఏ ఇంటర్న్‌షిప్‌లోనూ ఎవరూ నేర్పరు దాన్ని.

ఒప్పుకున్నాక మాత్రం వెనక్కి తగ్గకు. ఆ ఉదయం నువ్వు వెళ్లకపోతే ఒకరి ఏడాది పోతుంది. ఒకవేళ నీకు జ్వరమే వస్తే, నీ బదులు ఎవరు వెళతారో ముందే మాట్లాడి పెట్టుకో. వాళ్ల పేరు, ఫోన్ నంబరు పరీక్ష జరిగే చోట కూడా తెలిసి ఉండాలి.

బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది. కంటి వైద్యులు డాక్టర్ సాయిబాబా గౌడ్ గారు 1991లో నెలకొల్పారు. అలాంటి బడికి మీ అమ్మతో కలిసి వెళ్లి, నేను ఫలానా, నాకు తెలుగు, ఇంగ్లీషు రెండూ రాయడం వచ్చు, ఫలానా రోజుల్లో తీరిక ఉంటుంది అని పేరు రాయించుకో. మీ వీధికి దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో కూడా అడుగు. చూపులేని విద్యార్థి ఒక్కరైనా ఉంటారు. స్క్రైబ్ అవసరం ఏడాదికి కొన్ని రోజులే, చదివి వినిపించేవాళ్ల అవసరం మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. పుస్తకం చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపినా వాళ్లకు బంగారమే. ఫ్యాను ఆపేయి, వంటింట్లో కుక్కర్ విజిల్ వేయని వేళ చూసుకో. పేజీ నంబరు చెప్పి మొదలుపెట్టు. బొమ్మ వస్తే దాటవేయకు, బొమ్మలో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పు. పట్టిక వస్తే అడ్డంగా చదువుతున్నావో, నిలువుగా చదువుతున్నావో ముందే చెప్పు. నాటకంలోలా గొంతు మార్చి చదవకు. వాళ్లు పరీక్షకు చదువుకుంటున్నారు, ఒకే పేరాను పదిసార్లు వింటారు.

ఇంకో పని మా అపార్ట్‌మెంట్ మెట్ల కిందే ఉంది. పింఛను తీసుకునేవాళ్లం ఏడాదికోసారి బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు నవంబరులో ఇస్తారు, ఎనభై దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ కొంత తగ్గింది గానీ వేలిముద్రలు పడక మావాళ్లు అవస్థ పడేవారు. వయసుకి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి కదా. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలునన్నారు. చెప్పడానికి సులువే. కింది ఫ్లాట్‌లో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. యాప్ తెరిస్తే ఇంగ్లీషు, అందులో ఇంకో యాప్ దించుకోమంటుంది. ముఖం గీతలోకి రావాలంటుంది, కళ్లు ఆర్పమంటుంది. ఆయన కళ్లు ఆర్పేసరికి ఫోన్ పట్టుకున్న చెయ్యి కదులుతుంది. పిల్లలు అమెరికాలో ఉన్నారు, వీడియో కాల్‌లో చెబుదామంటే ఆ ఫోన్‌లోనే యాప్ తెరవాలాయె.

నువ్వైతే చిటికెలో చేసేస్తావు. కానీ చేసిపెట్టకు. ఫోన్ నీ చేతిలోకి తీసుకోకు. కిటికీకి ఎదురుగా కుర్చీ వేయి, వెలుతురు ముఖం మీద పడాలి. కళ్లజోడు తీయమను. ఆయన వేలితోనే ఒక్కొక్కటీ నొక్కించు. అరగంట పట్టినా పట్టనీ. ఓటీపీ వస్తే ఆయనే చదువుకోవాలి, ఆయనే కొట్టాలి, పైకి చదవబోతే వద్దని చెప్పు. నువ్వు దొంగవని కాదు తల్లీ, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న అలవాటు మనవరాలి దగ్గర కూడా తప్పకూడదని. బ్యాంకు వాళ్లమంటూ వచ్చే ఫోన్లకు మా వయసువాళ్లు ఎలా మోసపోతున్నారో పేపర్లో రోజూ చూస్తున్నావు. తర్వాత ఏడాది ఆయన నిన్ను పిలవకుండా తనే చేసుకుంటే నీ పని బాగా జరిగినట్టు. నువ్వు వెళ్లకపోతే ఎవరి పని ఆగుతుందో చూసుకోమన్నాను కదా, ఎప్పటికీ నీమీదే ఆధారపడేలా చేసుకోమని దాని అర్థం కాదు.

నీ వయసులో చేసే పనికి విలువేముంది, బరువేముంది అనుకోకు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు విన్నావు, మన నగరంలో ఆంధ్ర మహిళా సభ బోర్డు చూశావు. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఇంకా చిన్నపిల్లగా ఉండగానే తోటి ఆడవాళ్లకు హిందీ నేర్పేందుకు బడి పెట్టారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ఖాదీ ప్రదర్శనలో ఆమె వలంటీరు, వయసు పద్నాలుగు. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపకూడదని ఆమెకు చెప్పిన పని. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చారు. ఆమె ఆపేశారు. నిర్వాహకులు నొచ్చుకున్నారు, ఎవరిని ఆపుతున్నావో తెలుసా అన్నారు. మీరు చెప్పినదే చేస్తున్నానంది ఆ పిల్ల. చివరికి వాళ్లు టిక్కెట్టు కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్లారు, ఆమె పట్టుదలను మెచ్చుకున్నారు. నెహ్రూను ఆపిందని అందరూ ఈ కథ చెప్పుకుంటారు. నేను ఇందులో చూసేది వేరు. ఒక గేటు దగ్గర నిలబడటం అన్న చిన్న పనిని ఆ అమ్మాయి చిన్నదనుకోలేదు. ఆ తర్వాత ఆమె రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1937లో మద్రాసులో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభను ఆస్పత్రులుగా, కాలేజీలుగా పెంచారు.

ఇల్లు కదలకుండా చేయదగినదీ ఒకటి ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, దాని పక్కనే వికీసోర్స్ అని ఉంది. పాత తెలుగు పుస్తకాల బొమ్మలను అక్షరాలుగా మార్చి అక్కడ పెడుతున్నారు. యంత్రం చదివిన అక్షరాల్లో తప్పులుంటాయి. ధ ఉన్నచోట థ వస్తుంది, ప ఉన్నచోట వ వస్తుంది, అరసున్న ఎగిరిపోతుంది. పక్కన అసలు పేజీ పెట్టుకుని ఒక్కొక్క పంక్తీ దిద్దాలి. ఒకరు దిద్దితే ఆ పేజీ పసుపు రంగుకు మారుతుంది, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. రెండూ ఒకరే చేయడానికి వీల్లేదు. రోజుకు రెండు పేజీలు చేయి, వేసవి అయ్యేసరికి నీ తెలుగు రాత ఎలా మారుతుందో చూద్దువుగాని. ఇంగ్లీషు మీడియం పిల్లవని నిన్ను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు, కానీ ఈ ఒక్కటీ నా స్వార్థం కొద్దీ అడుగుతున్నాను.

నీకు చెట్లు ఇష్టం కదా, సీజన్‌వాచ్ అని ఉంది. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి దాని చిగురు, పూత, కాయ ఎలా ఉన్నాయో నమోదు చేయాలి. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వేపచెట్టు చాలు. పక్షులైతే ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా కలిసి లెక్కపెడతారు, పదిహేను నిమిషాలు నిలబడి చూసి రాసినా తీసుకుంటారు. మీ మియాపూర్‌కు దగ్గర్లోనే అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పెద్దవాళ్ల తోడు లేకుండా చెరువు గట్టుకు మాత్రం వెళ్లకు.

కాలేజీలో చేరాక జాతీయ సేవా పథకం యూనిట్ ఉందేమో అడుగు. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఒక వారం క్యాంపు ఉంటుంది. ఊరు చూడని నగరం పిల్లలకు ఆ వారం రోజులు చాలా నేర్పుతాయి. మీ తమ్ముడికి ఇస్రో యువిక సంగతి చెప్పి ఉంచు. తొమ్మిదో తరగతి పిల్లలకే అది. వేసవిలో రెండు వారాలు ఇస్రో కేంద్రంలో ఉంచుకుని చూపిస్తారు, ఎనిమిదిలో తెచ్చుకున్న మార్కులు లెక్కలోకి వస్తాయి. నీకు దాటిపోయింది, వాడికి ఇంకా సమయముంది.

ఇక నువ్వు అడిగిన ఇంటర్న్‌షిప్. పదిహేనేళ్ల పిల్లను పెద్ద కంపెనీలో కూర్చోబెట్టి ఏం నేర్పుతారు? ఒక కుర్చీ చూపిస్తారు, నాలుగు వీడియోలు చూడమంటారు. పని నేర్చుకోవాలంటే పని కళ్లముందు జరిగే చోటుకు వెళ్లు. కళ్లజోళ్లు చేసే దుకాణం, ప్రింటింగ్ ప్రెస్, బొటిక్, నర్సరీ, మీ మావయ్య ఆడిటర్ ఆఫీసు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా ఈ మాటే చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా బడికి వచ్చి వడ్రంగి దగ్గరో, తోటమాలి దగ్గరో, కుమ్మరి దగ్గరో పని చూసి నేర్చుకోవాలని రాశారు. ఆంధ్రలో డిగ్రీ పిల్లలకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. నీకూ రేపో మాపో అలాంటిది రావచ్చు. అప్పటికి ఒక పనిచోట ఎలా మసలుకోవాలో తెలిసి ఉంటే మంచిది.

అడిగే తీరు ముఖ్యం. వాట్సాప్‌లో ‘హాయ్ సర్, ఇంటర్న్‌షిప్ కావాలి’ అని పంపకు. మీ నాన్నతో వెళ్లి, రద్దీ లేని వేళ చూసి, నమస్కారం పెట్టి చెప్పు. నేను ఫలానా చోట ఉంటాను, పది పరీక్షలు రాశాను, పదిహేను రోజులు రోజుకు రెండు గంటలు వస్తాను, మీరు పని చేస్తుంటే చూస్తాను, చెప్పిన చిన్న పని చేస్తాను. అంతకు మించి అక్కర్లేదు. మొదటి రోజుల్లో ఊరికే చూడు. మీ మావయ్య ఆఫీసుకే వెళ్లావనుకో, మొదట నీకు ఇచ్చేది బిల్లుల కట్ట. తేదీల వారీగా పేర్చమంటారు. చప్పగా ఉంటుంది. నాలుగో రోజుకి ఒక హోటల్ బిల్లుల్లో పాల ఖర్చు ఏ నెలలో ఎందుకు పెరిగిందో నీకే కనిపిస్తుంది, అక్కడి నుంచి ఆసక్తి పుడుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులకు జూలై 31 గడువు దగ్గరపడేకొద్దీ అక్కడ ఎవరికీ ఊపిరాడదు, అందుకే మే నెలలోనే వెళ్లు. అక్కడ చూసిన అంకెలు, పేర్లు బయట ఎక్కడా, నాతో కూడా, అనకూడదు.

చట్టం కూడా తెలుసుకో. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగు నిండనివాళ్లను పనిలో పెట్టుకోకూడదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. వాళ్లతో రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది మధ్య పని చేయించడానికి వీల్లేదు, మూడు గంటలు దాటకముందే గంటసేపు విశ్రాంతి ఇవ్వాలి. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లను కౌంటర్‌లో నిలబెట్టి పొద్దంతా అమ్మకాలు చేయిస్తే అది ఉద్యోగం, దానికి జీతం ఇవ్వాలి. అనుభవం వస్తుంది కదా అని సర్దిచెబితే ఒప్పుకోకు. పిల్లల శ్రమను ఊరికే వాడుకోవడం నాకు గిట్టదు.

ఇంటర్న్‌షిప్ కోసం నువ్వే ఎదురు డబ్బు కట్టాలన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయి. రిజిస్ట్రేషన్ అనీ, కోర్సు ఫీజు అనీ, సర్టిఫికెట్ ప్రింటింగ్ అనీ రకరకాల పేర్లు పెడతారు. ఇంకో ఐదుగురిని చేర్పిస్తే నీకు హోదా ఇస్తామంటారు. అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. నీ స్నేహితురాలి అంబాసిడర్ ఉద్యోగం అలాంటిదేమో, ఆ పిల్లను చిన్నబుచ్చకుండా ఒకసారి వివరం అడిగి చూడు.

రేపు అమెరికాలో చదవాలంటే ఇవన్నీ కావాలట అని మీ నాన్న అన్నాడు. కావచ్చు. అక్కడి కాలేజీలకు పెట్టుకునే కామన్ యాప్‌లో పది పనుల దాకా రాసుకోవచ్చు, ఒక్కొక్కదాని గురించి వివరానికి 150 అక్షరాలే ఇస్తారు. అంత ఇరుకులో ‘పాల్గొన్నాను’ అన్న మాటకు చోటు దండగ. రెండేళ్లు ప్రతి శనివారం ఒక విద్యార్థికి ఆర్థికశాస్త్రం చదివి వినిపించిన పిల్లకు రాయడానికి ఉంటుంది, అడిగితే చెప్పడానికీ ఉంటుంది. సర్టిఫికెట్ ఇస్తే కళ్లకద్దుకుని తీసుకో, దాని కోసమే ఏ చోటికీ వెళ్లకు.

ఫోటోల గురించి గట్టిగా చెప్పాలి. పుట్టినరోజని అనాథాశ్రమానికి వెళ్లి, అరటిపండు చేతిలో పెడుతూ ఫోటో దిగి, స్టేటస్ పెట్టడం నగరంలో అలవాటైపోయింది. ఆ పిల్లల ముఖాలు, పేర్లు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టమే చెబుతోంది. చట్టం లేకపోయినా ఒక్కసారి ఆలోచించు, నువ్వు ఆకలితో ఉన్నప్పుడు నీ ఫోటో ఎవరో తీసి ఊరంతా చూపిస్తే ఎలా ఉంటుంది? అలాంటి చోటికి వెళ్లాలనిపిస్తే ఫోన్ సంచీలో పెట్టుకుని వెళ్లు, ఒక్క రోజుతో ఆపేసే ఉద్దేశం ఉంటే అసలు వెళ్లకు. అక్కడి చిన్నపిల్లలు నీకు మాలిమి అవుతారు, మళ్లీ ఎప్పుడొస్తావక్కా అని అడుగుతారు. వస్తానని అబద్ధం చెప్పి రావడం కంటే వెళ్లకపోవడమే మేలు.

వద్దనాల్సిన చోట వద్దను. రక్తదాన శిబిరంలో పేర్లు రాసుకో, నీళ్లు అందించు, రక్తం మాత్రం పద్దెనిమిది నిండేదాకా ఇవ్వకూడదు. ఎవరి ఇంటికీ ఒంటరిగా వెళ్లకు, మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ల దగ్గరికి కూడా తలుపు తీసి ఉంచి, నేనో మీ అమ్మో ఉండగానే. ఏ సంస్థలోనైనా నీతో మాట్లాడాల్సినవాళ్లు ఎవరో, మీ అమ్మకు వాళ్ల నంబరు తెలిసి ఉండాలి. పని మాటలు రాత్రి పదింటికి మెసేజ్‌ల్లో మాట్లాడేవాళ్లు ఎంత మంచివాళ్లుగా కనిపించినా వెంటనే ఇంట్లో చెప్పు. నిన్ను ఎవరూ ఏమీ అనరు. 1098 పిల్లల కోసం ఉన్న నంబరు, ఏ వేళైనా పలుకుతుంది. అది నీ ఫోన్‌లో ఉండాలి.

మీ అమ్మతో కూడా మాట్లాడతాను. కూతుర్ని కారులో దింపి, గంట సేపు బయట కూర్చుని, మళ్లీ ఎక్కించుకుని రావడం దాని అలవాటు. మొదటి రెండు వారాలు అలాగే చేయనీ. ఆ తర్వాత మెట్రోలో నువ్వే వెళ్లిరావాలి. మియాపూర్ నుంచి ఎక్కి అమీర్‌పేటలో మారితే బేగంపేట ఎంతో దూరం కాదు. పగటిపూట, జనం మధ్య, తెలిసిన దారి. నీ పని నువ్వు చేసుకొస్తున్నప్పుడు దారి కూడా నీదే కావాలి. ఇంటర్ మొదలయ్యాక స్టడీ అవర్లని, వీకెండ్ టెస్టులని మీ నాన్న అడ్డుపడతాడు. అతనితో నేను వాదించను గానీ, ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఈ పనికే అని ఇప్పుడే ఒప్పించుకో. రెండు గంటల్లో ఎప్‌సెట్ ర్యాంకు ఎక్కడికీ పోదు. అది కూడా కుదరని నెల వస్తే, నీకోసం చూస్తున్నవాళ్లకు వారం ముందే చెప్పు. చెప్పకుండా మానేయడం ఒక్కటీ చేయకు.

సోమవారం పొద్దున పది దాటాక దేవనార్ స్కూలుకు నువ్వే ఫోన్ చేయి, అమ్మతో చేయించకు. ముందుగా నీ పేరు, ఏ తరగతి పూర్తయిందో, ఏ భాషలు రాయగలవో చెప్పు, తర్వాత వాళ్లు చెప్పేది రాసుకో. రమ్మంటే ఆధార్ జిరాక్సు, స్కూల్ ఐడీ కార్డు పట్టుకెళ్లు. నీలం పెన్నులు రెండు, నల్లది ఒకటి పెట్టుకో. జెల్ పెన్ను వద్దు, చేతి చెమటకు అలుక్కుపోతుంది.

ప్రేమతో,
అమ్మమ్మ